చివరి రౌండులో రిజర్వు ఆటగాడి విలువ

ఏ ఆటలోనైనను ప్రేక్షకుని దృష్టి మైదానంలో ఉన్నవాని మీదనే నిలుస్తుంది. గీతకు ఆవల బల్ల మీద కూర్చున్నవాని పేరు అడిగేవారు అరుదు. అయితే ఆ బల్ల మీద కూర్చున్నవానికి ఎంత విలువ కట్టవలెనన్న ప్రశ్న మీదనే గెలుపోటములు చాలవరకు ఆధారపడిన వినోదం ఒకటి అమెరికాలో కలదు. దానికి ఫాంటసీ ఫుట్‌బాల్ అని పేరు. మన విద్యార్థులలో పలువురికి క్రికెట్ ద్వారా ఇట్టి ఊహాజట్ల ఆట పరిచయమే. పై చదువులకై ఆ దేశం వెళ్లిన మన బంధుమిత్రులలో ఈ ఫుట్‌బాల్ ఆటను ఆడుతున్నవారును ఉన్నారు. కనుక దీనిని గూర్చి మన వార్షిక సంచికలో కొంత చర్చించుట అసందర్భం కాదని తలుస్తాను.

నా వాదం ఒక్కటే. జట్టును ఎంచుకొనేటప్పుడు చివరి రౌండ్లలో, అరకొరగా ఆడుతున్న మధ్యతరగతి ఆటగానిని తీసుకొనుటకంటె, ఇంకను అవకాశం రాని సమర్థుడైన రిజర్వు ఆటగానిని తీసుకొనుట యుక్తం. ఇది సాహసం కోసం చెప్పే మాట కాదు. లెక్క వేసి చూచినను, గడచిన అనుభవం తిరగవేసి చూచినను ఇదే తేలుతుంది.

ముందుగా ఆట స్వరూపం చెప్పవలసి ఉన్నది. అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలిచేది మనం కాలితో తన్ని ఆడే ఆట కాదు. కొనలు తేలిన బంతిని చేతబట్టి, ఎదుటి జట్టును త్రోసుకొంటూ గజం గజంగా ముందుకు సాగే ఆట అది. అందులో బంతిని చంకన బిగించుకొని, మనుష్యుల గోడలో సందు వెదకి దూసుకుపోయేవానిని రన్నింగ్ బ్యాక్ అంటారు. దేశపు ప్రధాన లీగులో 32 జట్లు ఉన్నవి. 2021 నుండి ఒక్కొక్క జట్టు 18 వారాలలో 17 పోటీలు ఆడుతున్నది.

1962లో ఓక్లండ్ రైడర్స్ జట్టులో భాగస్వామి అయిన బిల్ వింకెన్‌బాక్ అనే వ్యాపారి, జట్టుతో కూడ న్యూయార్క్ వెళ్లినప్పుడు, పత్రికా విలేఖరులతోను జట్టు ఉద్యోగులతోను కలిసి ఈ ఊహాజట్ల ఆటకు నియమాలు కూర్చినాడు. 1963లో ఎనిమిది జట్లతో మొదటి ఎంపిక జరిగినది. నేడు సాధారణంగా పదిమందో పన్నెండుమందో మిత్రులు ఒక లీగుగా ఏర్పడి, సీజను ఆరంభానికి ముందు వంతులవారీగా నిజమైన ఆటగాళ్లను ఎంచుకొంటారు. ఒకరు ఎంచుకొన్నవానిని మరొకరు తీసుకొనరాదు. మొదటి రౌండులో చివర ఎంచుకొన్నవాడు రెండవ రౌండులో మొదట ఎంచుకొంటాడు. ఆ తరువాత, ఆటగాడు నిజమైన మైదానంలో ఏమి చేయునో దానిని బట్టి పాయింట్లు జమ అవుతవి. పది గజాల పరుగుకు ఒక పాయింటు, టచ్‌డౌనుకు ఆరు, పలు లీగులలో బంతి పట్టిన ప్రతిసారి అరయో ఒకటియో అదనం. ఇది వాడుకలో ఉన్న లెక్క.

ఇక్కడ పాఠకులు ఒక నియమం గుర్తుంచుకొనవలెను. ఒక్కొక్కరికి సుమారు పదిహేనుమంది ఆటగాళ్లు ఉన్నను, ప్రతి వారం తొమ్మిదిమందినే బరిలోనికి దింపవలెను. మిగిలిన ఆరుగురు బల్ల మీద ఉంటారు. బల్ల మీదివాడు ఆ వారం ఎంత గొప్పగా ఆడినను యజమానికి ఒక్క పాయింటు కూడ రాదు. నా వాదానికి పునాది ఈ నియమమే.

పన్నెండు, పదమూడు రౌండ్లు గడచేసరికి పేరుమోసిన వారందరు వెళ్లిపోయి ఉంటారు. అప్పుడు మిగిలిన రన్నింగ్ బ్యాకులు రెండు తెగలవారు. మొదటి తెగవారు ప్రతి వారం కొద్దిగా ఆడతారు. ఐదుసార్లు బంతి పట్టుకొని పరుగెత్తి ఇరవై గజాలు, ఒకసారి బంతి అందుకొని ఐదు గజాలు గడిస్తారనుకొందాము. పట్టుకు అర పాయింటు ఇచ్చే లీగులో ఈ కష్టానికి మూడు పాయింట్లు వస్తవి. రెండవ తెగవారు ప్రధాన ఆటగానికి రిజర్వుగా ఉన్నవారు. ఆ ప్రధాన ఆటగాడు నిలిచి ఉన్నంతవరకు వీరి లెక్క ఇంచుమించు సున్నా. అయితే అతడు తప్పుకొన్ననాడు పని మొత్తం వీరి భుజాల మీద పడుతుంది. పద్దెనిమిదిసార్లు పరుగెత్తి డెబ్బది ఐదు గజాలు, రెండుసార్లు బంతి అందుకొని పదిహేను గజాలు, ఒక టచ్‌డౌను గడించినచో పదహారు పాయింట్లు.

గుడ్డికంటె మెల్ల మేలు గదా, సున్నాకంటె మూడు నయం గదా అని చాలమంది మొదటి తెగవానిని తీసుకొంటారు. ఇదే పొరపాటు లెక్క. మూడు పాయింట్లు తెచ్చేవానిని ఎవరును బరిలోనికి దింపరు. బల్ల మీద కూర్చున్నంతకాలం అతని మూడును సున్నాయే, రిజర్వువాని సున్నాయు సున్నాయే. నేటి విలువ ఇద్దరిదీ సమానమైనప్పుడు రేపటి విలువను బట్టి ఎంచుకొనవలెను. మొదటివానికి ఆ రేపు లేదు. రెండవవానికి ఉన్నది. పైగా ఆశ ఫలించనిచో నష్టమును స్వల్పమే. అతనిని వదలి మరొకనిని తీసుకొనవచ్చును. పోయేది చివరి రౌండులోని ఒక్క వంతు మాత్రమే.

దీనికి సాక్ష్యాలు అనేకం. 2005లో కాన్సాస్ సిటీ జట్టులో ప్రీస్ట్ హోమ్స్ మహోన్నత స్థితిలో ఉన్నాడు. రెండేండ్ల క్రితమే 27 టచ్‌డౌన్లు పరుగెత్తి ఆనాటికి రికార్డు నెలకొల్పినవాడు. అక్టోబరు చివర అతడు గాయపడగా లారీ జాన్సన్‌కు స్థానం లభించినది. ఆ సీజనులో జాన్సన్ ఆరంభం నుండి ఆడినవి తొమ్మిది పోటీలే. తొమ్మిదింటిలోను నూరు గజాలు దాటినాడు. సీజను ముగిసేసరికి అతని లెక్క 1,750 గజాలు, 20 టచ్‌డౌన్లు. ఆ సంవత్సరం అతనిని బల్ల మీద ఓపికగా ఉంచుకొన్నవారికి ఏమి దక్కినదో వేరుగా చెప్పనక్కరలేదు.

2010 నాటి కథ మరింత గమనింపదగినది. హ్యూస్టన్ జట్టు ఆ సంవత్సరం బెన్ టేట్ అనే యువకుని రెండవ రౌండులో ఎంపిక చేసికొన్నది. సీజనుకు ముందే అతని చీలమండ దెబ్బతిన్నది. అప్పుడు ముందుకు వచ్చిన ఏరియన్ ఫాస్టర్, 2009 ఎంపికలో 32 జట్లలో ఒక్కటియు కోరనివాడు. మొదటి పోటీలోనే 231 గజాలు పరుగెత్తి, ఆ ఏడు 1,616 గజాలతో లీగుకంతటికి అగ్రగామి అయినాడు. 2015లో పిట్స్‌బర్గ్ జట్టులో లెవియన్ బెల్ గాయపడగా, డియాంజెలో విలియమ్స్ తన ముప్పది రెండవ ఏట 907 గజాలు, 11 టచ్‌డౌన్లు గడించినాడు. మరొక జట్టు అప్పటికే వదులుకొన్న ఆటగాడతడు.

అదే పిట్స్‌బర్గ్ జట్టులో 2018లో జరిగినదానికి గాయంతో సంబంధమే లేదు. ఒప్పందం తనకు సమ్మతం కానందున బెల్ ఆ సీజను మొత్తం మైదానంలో అడుగు పెట్టలేదు. అతని స్థానంలో జేమ్స్ కానర్ పదమూడు పోటీలలో 973 గజాలు, 12 టచ్‌డౌన్లు సాధించినాడు. కళాశాలలో ఉండగా 2015లో క్యాన్సర్ వ్యాధి సోకి, చికిత్స పొంది, కోలుకొని తిరిగి ఆటకు వచ్చినవాడు కానర్. ఆ ఏడు చాలమంది తమ మొదటి వంతును బెల్ మీద వెచ్చించి ఒక్క పాయింటైనను కళ్ల చూడలేదు. చివరి రౌండ్లలో కానర్‌ను తీసుకొన్నవారు పండుగ చేసికొన్నారు.

అయితే కనబడిన ప్రతి రిజర్వువానిని తీసుకొమ్మని నేను చెప్పుట లేదు. ఎంపికకు మూడు పరీక్షలు పెట్టవలెను.

మొదటిది వారసత్వం. ప్రధాన ఆటగాడు తప్పుకొన్నచో పని ఒక్కనికే దక్కునా, లేక ఇద్దరు ముగ్గురికి పంచిపెట్టబడునా? పంపకం జరిగేచోట ఎవరి వాటాయు కడుపు నింపదు. ఏకైక వారసుడున్న జట్టునే చూడవలెను. ఈ వరుస మారిపోతూ ఉంటుంది గనుక సీజను ఆరంభమయ్యే దినం వరకు వార్తలు గమనించవలెను. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టులో క్రిస్టియన్ మెకాఫ్రీ తరువాతివాడు ఎలైజా మిచెల్ అని పలువురు తలచినారు. ఆగస్టులో మిచెల్ గాయపడి సీజనుకే దూరమైనాడు. సెప్టెంబరు 9న మొదటి పోటీకి మెకాఫ్రీయు రాలేకపోయినాడు. ఆ రాత్రి జోర్డన్ మేసన్ 147 గజాలు పరుగెత్తినాడు. ఇతడును 2022 ఎంపికలో ఎవరును కోరనివాడే.

రెండవది ముందువరుస. పరుగెత్తేవాడు గొప్పవాడే కావచ్చును. కాని అతనికి త్రోవ చేసి పెట్టేవారు ముందున్న ఐదుగురు బలశాలులు. డెన్వర్ జట్టు చరిత్ర దీనికి చక్కని నిదర్శనం. 1995లో ఆరవ రౌండులో, 196వ వానిగా ఎంపికైన టెరెల్ డేవిస్ మొదటి సంవత్సరమే 1,117 గజాలు పరుగెత్తి, 1998లో 2,008 గజాలు అందుకొన్నాడు. 1999లో అతడు గాయపడగా ఓలాండిస్ గేరీ అనే కొత్తవాడు 1,159 గజాలు పరుగెత్తినాడు. 2000లో ఆరవ రౌండులో వచ్చిన మరొక కొత్తవాడు మైక్ ఆండర్సన్ 1,487 గజాలు పరుగెత్తినాడు. మనుష్యులు మారినను పంట తగ్గలేదు. పొలం సారవంతమైనప్పుడు విత్తనపు సంచి మీది పేరు అంత ముఖ్యం కాదు. కనుక రిజర్వువాని ప్రతిభను ఎంత పరిశీలిస్తామో, అతని జట్టు ముందువరుసను, శిక్షకుని పద్ధతిని అంతగాను పరిశీలించవలెను.

మూడవది సంపూర్ణత. రన్నింగ్ బ్యాక్ పని పరుగెత్తుటతో తీరదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవారిని అడ్డుకొనవలెను. విసిరిన బంతిని అందుకొనవలెను. ఈ రెండు పనులు రానివానిని శిక్షకుడు పూర్తికాలం మైదానంలో ఉంచడు. వేగం ఒక్కటే చూచి మురిసిపోరాదు.

ఇక తమ ప్రధాన ఆటగాని రిజర్వువానినే తీసుకొనవలెనా, ఇతరుల ప్రధాన ఆటగాని రిజర్వువానిని తీసుకొనవలెనా అన్న వివాదం ఉన్నది. తమవానికే జతగా తీసుకొనుటను అక్కడివారు బేడీ వేయుట అంటారు. తమవాడు పడిపోయినచో నష్టం పూడుతుందని దీని ఉద్దేశం. నా అభిప్రాయం దీనికి భిన్నం. తమవాడు పడి అతని రిజర్వువాడు లేచినచో, అది పోయినదానిలో కొంత తిరిగి రాబట్టుకొనుట మాత్రమే. తమవాడు నిలిచి ఉండగా మరొకరి రిజర్వువాడు లేచినచో ఇద్దరును దక్కుతారు. మొదటిది నష్టాన్ని తగ్గిస్తుంది, రెండవది బలాన్ని పెంచుతుంది. సీజను ఆరంభంలో బలం పెంచుకొనే ప్రయత్నమే మేలు. సీజను చివర, తుది పోటీలు దగ్గర పడి తమ జట్టు బలంగా ఉన్నప్పుడు బేడీ వేసికొనుట తప్పు కాదు.

ఈ పద్ధతి మీద ఆక్షేపణలు లేకపోలేదు. ఇట్టి ఎంపికలలో అధికభాగం ఫలించవని మొదటి ఆక్షేపణ. అది నిజమే. ప్రధాన ఆటగాడు పదిహేడు పోటీలు నిలిచినచో రిజర్వువాడు ఏడాది పొడవునా బల్ల మీదనే ఉండవలసి వస్తుంది. తలుపు తెరచుకొన్నను కొందరు నిలువలేరు. మిన్నెసోటా జట్టులో డాల్విన్ కుక్‌కు రిజర్వుగా ఉన్న అలెగ్జాండర్ మాటిసన్, 2021లో కుక్ లేని పోటీలలో నూరు గజాలు దాటి ఎంతో ఆశ కల్పించినాడు. 2023లో ప్రధాన స్థానం అతనికే దక్కినది. ఆ ఏడు 700 గజాలు పరుగెత్తినాడు గాని పరుగు మీద ఒక్క టచ్‌డౌనైనను చేయలేదు. అయితే ఇక్కడ భేదం గమనించవలెను. 2023లో అతని ఖరీదు చివరి రౌండు ఖరీదు కాదు. ప్రధాన ఆటగాడన్న పేరుతో చాల ముందుగానే ఎంచుకొన్నారు. చవుకగా ఉన్నంతవరకే రిజర్వువాడు మంచి బేరం. పేరు వచ్చి ఖరీదు పెరిగిన పిదప అతనిని అందరివలెనే తూచవలెను.

ప్రధాన ఆటగాడు గాయపడిన తరువాతనే రిజర్వువానిని తీసుకొనవచ్చును గదా అని రెండవ ఆక్షేపణ. ఆనాడు లీగులోని పన్నెండుగురు ఒక్కసారిగా ఎగబడతారు. దాహం వేసినప్పుడు బావి త్రవ్వబూనువాని స్థితి వారిది.

మూడవ ఆక్షేపణ నీతికి సంబంధించినది. నా దృష్టిలో ఇదియే అన్నిటికంటె బరువైనది. ఒకని కాలు విరిగితే తప్ప నా జట్టు గెలువదని కూర్చొనుట, ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడుగుట వంటిది కాదా? కాకికి ఎద్దు పుండు నొప్పా అన్నట్లు, తెర మీద అంకెలు చూచేవానికి మైదానంలో పడినవాని బాధ తెలియునా? ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. రన్నింగ్ బ్యాక్ బ్రతుకు కఠినమైనది. ప్రతి పరుగు చివర అతనికంటె బరువైనవారు మీద పడతారు. ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం ఈ స్థానంలోనివారి సగటు ఉద్యోగకాలం మూడేండ్లకు లోపే. గాయపడి పాయింట్లు తేలేదని ఆటగాళ్లకు దూషణ సందేశాలు పంపే నీచులును ఉన్నారు. ఊహాజట్టు యజమాని మనిషిని మరచి అంకెను మాత్రమే చూచిన మరుక్షణం ఆ ఆట వినోదం కాదు, వికారం.

అయినను రిజర్వువానిని ఎంచుకొనుట వేరు, ప్రధాన ఆటగాడు కూలవలెనని కోరుట వేరు. గొడుగు కొన్నవాడు వరద రావలెనని కోరినట్లు కాదు. తలుపు తెరచేది ఎల్లప్పుడు గాయమే కాదని బెల్, కానర్ ఉదంతం తెలుపుతున్నది. 2023లో లాస్ ఏంజెలెస్ రామ్స్ శిక్షకులు కామ్ ఏకర్స్‌ను ప్రక్కన పెట్టి, తరువాత మరొక జట్టుకు పంపి, కైరెన్ విలియమ్స్‌కు పని అప్పగించినారు. అతడు పన్నెండు పోటీలలోనే 1,144 గజాలు పరుగెత్తినాడు. ఇందులో ఎవరి కాలును విరుగలేదు. అదే రామ్స్ జట్టు 2018 డిసెంబరులో, అప్పటికి ఏ జట్టులోను లేని సి. జె. ఆండర్సన్‌ను పిలిపించుకొన్నది. టాడ్ గర్లీ మోకాలి బాధతో కూర్చొనగా, ఆండర్సన్ వచ్చీరాగానే ఒక పోటీలో 167 గజాలు, మరుసటి పోటీలో 132 గజాలు పరుగెత్తినాడు. ఉద్యోగం లేని దినాలలోను దేహాన్ని, విద్యను సిద్ధంగా ఉంచుకొన్నవాడు గనుకనే అది సాధ్యమైనది. మనం విలువ కట్టేది ఆ సిద్ధతకే గాని ఇతరుని ఆపదకు కాదు. ఈ భేదం మనసులో ఉంచుకొన్నవాడు గాయపడినవాని కొరకు విచారించగలడు, లేచినవానిని అభినందించగలడు. ఉంచుకొననివాడు ఈ ఆట జోలికి పోకుండుట మంచిది.

పందెం విషయంలో కూడ ఒక మాట చెప్పక తప్పదు. డబ్బు ఒడ్డి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను చట్టం ద్వారా నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి అట్టి నిషేధం తెచ్చినది. ఈ వ్యాసంలో చెప్పినదంతయు స్నేహితులు డబ్బు ప్రసక్తి లేకుండ ఆడుకొనే వినోదానికే వర్తిస్తుంది. డబ్బు చేరినచోట పైన చెప్పిన నీతి నిలువదు. జేబు ఖాళీ అవుతున్నవాడు మైదానంలో పడినవాని బాధను తలచుకొనునా?

చివరగా మన కళాశాల పెద్దలకు, క్రీడా సంఘం వారికి ఒక మనవి. ఫాస్టర్‌ను 32 జట్లు కాదన్నవి. మేసన్‌ను కాదన్నవి. వారిలో లోపం లేదు, చూచేవారు అప్పటికి చూడలేదు. మన జట్లలోను బల్ల మీద కూర్చొనే విద్యార్థులు ఉంటారు. వారికి సాధన పోటీలలోనైనను పూర్తి ఆట ఇవ్వవలెను. ప్రధాన ఆటగాడు అస్వస్థుడైన నాడు హఠాత్తుగా దింపుటకంటె, ముందుగానే వారి సత్తా ఎంతో తెలిసికొనుట జట్టుకు లాభం, వారికి న్యాయం.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది ఇంకను సులభం. పేరు ఏ రౌండులో పిలువబడుతుందో మన చేతిలో లేదు. పిలిచిననాడు మూడు పనులలో ఏది అడిగినను చేయగలిగి ఉండుట మన చేతిలో ఉన్నది. ఊహాజట్టు యజమానియు చివరి రౌండులో అట్టివానినే వెదుకవలెను.